అక్షింతలావిడ పేరు

సినిమా వార్తలు చెప్పే కార్యక్రమంలో సినిమా పేరు చెప్పకూడదన్న నిబంధన ఎవరి బుర్రలో పుట్టిందో నాకు బాగా తెలుసు. ఆ బుర్రకు ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆ నిబంధనకు లోబడి వాక్యాలు రాసి, నెలనెలా జీతం తీసుకున్నవాణ్ణి నేనే. కాబట్టి ఈ కథ నేను చెబితేనే సబబు. ఇంకొకళ్లు చెబితే కోతలు కోస్తున్నారనుకుంటారు.

అవి ఇంటింటికీ టీవీ లేని రోజులు. వీధికి ఒకటో రెండో ఉండేవి. రంగుల టీవీ అయితే వీధంతా కలిసి గర్వపడేది. ఉన్న ఛానెలు ఒక్కటే, అది ప్రభుత్వానిది. సాయంత్రం పూట వరికి ఎరువు ఎప్పుడు వేయాలో చెప్పేవాళ్లు, ఆ తర్వాత వార్తలు చదివేవాళ్లు, ఆ తర్వాత అంతరాయానికి చింతిస్తున్నామని ఒక బోర్డు పెట్టేవాళ్లు. జనం మూడింటినీ ఒకే భక్తితో చూసేవాళ్లు. నేను ఆ టీవీ కేంద్రంలో స్క్రిప్టు రైటర్ని.

మా డైరెక్టరు మేడూరి విశ్వంభరం గారు ఒకసారి ఢిల్లీలో ఏదో సమావేశానికి వెళ్లి ఉత్సాహం అంటించుకొచ్చారు. విదేశాల్లో వినోదానికి కూడా వార్తలుంటాయట, వాటికంటూ ఒక కార్యక్రమం ఉంటుందట, జనం వంట మానేసి మరీ చూస్తారట. మనమూ ఒకటి పెడదామయ్యా కామేశం, కొత్త సినిమాలు, షూటింగులు, తారల కబుర్లు, అన్నీ కలిపి వారపత్రికలాగా ఉండాలి, కాస్త తళుకు ఉండాలి అన్నారు. తళుకు అన్నారు కదా అని నేను 'జిలుగు' అని పేరు పెట్టాను. చదవడానికి కుముదిని అనే అమ్మాయిని తీసుకున్నాం. ఏ వాక్యం ఇచ్చినా నవ్వు ఆపుకుని చదవగల పిల్ల. ఆ గుణం మాకు ఎంత అవసరపడబోతోందో అప్పటికి ఎవరికీ తెలియదు.

మొదటి సంచికను నేను చిక్కడపల్లిలో మా ఇంటివాళ్ల హాల్లో కూర్చుని చూశాను. ఇంటి యజమానురాలు సుభద్రమ్మ గారు. మంచి మనిషే కానీ ఆవిడకు అద్దెకున్నవాళ్ల పేర్లు నోటికి రావు, వాటాల నంబర్లే వస్తాయి. నేను రెండో వాటా టీవీ ఆయన్ని. మా పక్కన ఉండే చందోలు మాణిక్యాంబ గారు మూడో వాటా ఆవిడ. రంగుల టీవీ సుభద్రమ్మ గారి హాల్లోనే ఉండేది కాబట్టి వాటాలన్నీ అక్కడే చేరేవి. పెద్ద వాటాలకు కుర్చీలు, చిన్న వాటాలకు చాపలు. మూడో వాటా ఒంటిగది కావడంతో మాణిక్యాంబ గారు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవారు.

మాణిక్యాంబ గారి సంగతి చెప్పాలి. గుంటూరు జిల్లా మనిషి, నాటకాల నుంచి మద్రాసు వెళ్లి ఏళ్ల తరబడి సినిమాల్లో వేశారు. ఏం వేశారంటే, పెళ్లిలో అక్షింతలు వేశారు. తెలుగు తెరమీద పెళ్లయిన హీరోల్లో ఈవిడ చేతి అక్షింతలు పడనివాడు అరుదు. పెళ్లి లేని సినిమా అయితే బిందె పట్టుకుని నూతి దగ్గర నిలబడేవారు. షూటింగులు హైదరాబాదుకు తరలివచ్చాక ఆవిడా వచ్చేసి ఇక్కడా అక్షింతలు వేస్తున్నారు. టైటిల్స్ లో పెద్ద పేర్లూ, చిన్న పేర్లూ అన్నీ అయిపోయాక చిట్టచివర 'తదితరులు' అని పడుతుందే, అదీ మాణిక్యాంబ గారి పేరు.

మొదటి సంచిక అయిన మర్నాడు ఆవిడ ఒక గిన్నెలో గోంగూర పచ్చడి పట్టుకుని మా వాటాకు వచ్చారు. గిన్నె మా ఆవిడ చేతికిచ్చి, నా ఎదురుగా పీటమీద కూర్చుని, కొంగు సర్దుకుని, ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్న మాటల్లాగా చెప్పారు.

"నాయనా కామేశం, నన్ను టీవీలో చూపించమని అడగను. నా మొహం జనం బోలెడుసార్లు చూశారు. పేరే ఎవరూ వినలా. ఆ అమ్మాయి చేత ఒక్కసారి నా పేరు చెప్పించు. సుభద్రమ్మ గారు హాల్లో ఉన్నప్పుడు."

ఇదీ ఒక పెద్ద పనేనా పిన్నిగారూ, వచ్చే వారమే చెప్పిస్తాను అన్నాను. పచ్చడి రుచి చూడకముందే మాట ఇచ్చేశాను.

ఆ వచ్చే వారంలోనే కొంప మునిగింది. సబ్బులు చేసే కంపెనీ ఒకటి పైవాళ్లకు ఫిర్యాదు పెట్టింది. మా సబ్బు పేరు మీ టీవీలో చెప్పాలంటే క్షణాల లెక్కన మా దగ్గర వసూలు చేస్తారు కదా, మరి సినిమాల పేర్లు అరగంటసేపు ఉచితంగా ఎలా చెబుతున్నారు, మాకు సబ్బు అయితే వాళ్లకు సినిమా, రెండూ అమ్ముకునేవే కదా అని. అడిగినదాంట్లో న్యాయం ఉంది. న్యాయమున్న ఫిర్యాదు అంటే మా శాఖకు చచ్చే భయం. వెంటనే 'ప్రచారదోష నివారణాధికారి' అనే కొత్త ఉద్యోగం సృష్టించి, తూనికలు కొలతల శాఖ నుంచి గొర్తి పరంధామయ్య గారిని పిలిపించి కూర్చోబెట్టారు.

పరంధామయ్య గారు జీవితమంతా దుకాణాల్లో తక్కెళ్లు తనిఖీ చేసిన మనిషి. నిప్పులాంటి నిజాయితీపరుడు. లంచం మాట అటుంచి, దుకాణంలో మంచినీళ్లు కూడా తాగేవారు కాదట. బల్లమీద చిన్న ఇత్తడి త్రాసు ఒకటి పెట్టుకుని, మేం రాసిన ప్రతి వాక్యమూ పైకి చదివి, ఆ త్రాసు వంక ఒకసారి చూసి, బాగుంటే ముద్ర వేసేవారు. ఆయన మాట్లాడే తెలుగు కూడా అచ్చు వేయించుకొచ్చినట్టు ఉండేది.

వచ్చిన రోజే మాకు సూత్రం చెప్పారు. "ఒక పలుకు పలికినందువలన సినిమాహాలునందు ఒక్క టిక్కెట్టు అదనముగా తెగునా? తెగినచో అది ప్రచారము. తెగనిచో అది వార్త. ఇంతకు మించిన శాస్త్రము లేదు."

ఆ శాస్త్రం ప్రకారం మొదట సినిమాల పేర్లు పోయాయి. 'ఒక చిత్రం' అని రాసుకున్నాం. తర్వాత నటుల పేర్లు పోయాయి. 'ప్రముఖ కథానాయకుడు' అని రాశాను. ప్రముఖ అనేది సరుకు బరువు పెంచే మాట, తూకంలో మోసం అని దాన్ని కొట్టేశారు. సరే, 'కథానాయకుడు' అని ఊరుకుందామంటే, తెలుగులో కథానాయకులు ఏమంత మంది ఉన్నారండీ, వేళ్లమీద లెక్కపెడితే దొరికిపోడూ అని అదీ కొట్టేశారు. చివరికి మిగిలింది 'ఒక పురుషుడు'. దానికి ముద్ర పడింది.

నేను రాసింది నేనే చెప్పుకోకూడదు గానీ, ఆ వారం కుముదిని చదివిన వార్త ఇది: "మద్రాసులో ఒకచోట ఒక పురుషుడు ఒక స్త్రీతో కలిసి ఒక తోటలో పరుగెత్తారు. ఈ సందర్భంగా వారు పాట కూడా పాడినట్టు తెలిసింది. త్వరలో ఈ దృశ్యాన్ని కొన్ని ప్రదేశాలలో చూడవచ్చు." ఆ పిల్ల కనురెప్ప కదపకుండా చదివేసింది. మర్నాడు ఒక రిటైర్డు పోలీసాయన ఫోన్ చేసి ఆ తోట ఏ స్టేషను పరిధిలోకి వస్తుందని అడిగారు.

మాణిక్యాంబ గారి పేరు సంగతి నేను అప్పుడే ఎత్తాను. పాపం చిన్న వేషాలు వేసే ఆవిడండీ అని బతిమాలాను. పరంధామయ్య గారు కోప్పడలేదు, విసుక్కోలేదు. పేరు అనే పదార్థమే నిషిద్ధమనీ, అందులో పెద్ద పేరు చిన్న పేరు అనే తేడా చూస్తే పక్షపాతమవుతుందనీ నెమ్మదిగా చెప్పారు. ఇంటికెళ్లి ఆవిడకు ఏం చెప్పాలో తోచక నాలుగు రోజులు వీధిగుమ్మం మానేసి పెరటి దారిన వెళ్లాను. ఆవిడ పెరట్లోనే గిన్నెలు తోముకుంటూ కనిపించారు. "మీ ఆఫీసులో ఏదో తిరకాసు పడిందిగా, ఫర్లేదులే నాయనా," అని ఆవిడే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పేర్లు అయ్యాక పరంధామయ్య గారి దృష్టి మొహాలమీద పడింది. మొగము పేరుకంటె బిగ్గరగా పలుకునని తేల్చారు. సినిమా ముక్కలు వేసేటప్పుడు హీరో మొహం, హీరోయిన్ మొహం, విలన్ మొహం కనిపించకూడదు. వెనక నుంచి కనిపిస్తే కనిపించవచ్చు, వీపుకు ప్రచారగుణం లేదు. కానీ ఒక హీరోగారి జుట్టు వెనక నుంచి కూడా రాష్ట్రమంతా గుర్తుపడుతుందని కుముదిని నోరు జారింది. దాంతో ఆ వీపు కూడా పోయింది.

నేను ఎడిటింగు గదిలో కూర్చుని ఒక్కో పాటలో మొహాలన్నీ తీసేస్తూ వచ్చాను. పాటలో హీరో హీరోయిన్లు పోతే ఏం మిగులుతాయి? కొబ్బరిచెట్లు, పడవ, నురుగు. పెళ్లి సీనులో వధూవరులు పోతే ఏం మిగులుతుంది? అక్షింతలు వేసే గుంపు. గుంపును ఏం చేయమంటారని భయపడుతూ అడిగాను. పరంధామయ్య గారు చాలాసేపు త్రాసు వంక చూశారు.

"గుంపు అనునది నిర్ముఖము. గుంపునందలి మొగమును చూచి ఎవడును టిక్కెట్టు కొనడు. ఉంచవచ్చును," అన్నారు.

ఇందులో నా తెలివేమీ లేదు. నేను కావాలని చేసిందీ కాదు. ఏ సినిమా ముక్క తీసుకున్నా హీరోను కోసేస్తే మాణిక్యాంబ గారే మిగిలేవారు. ఒక వారం అక్షింతలు వేస్తూ, ఒక వారం బిందెతో, ఒక వారం పేరంటంలో, ఇంకో వారం మళ్లీ అక్షింతలు. రాష్ట్రంలోని మహా మహా నటులందరినీ తీసేయగా తీసేయగా తెరమీద ఆవిడ ఒక్కరే స్థిరపడ్డారు.

ఇంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. జనానికి 'జిలుగు' పిచ్చి పట్టుకుంది. అదొక పొడుపుకథ అనుకున్నారు. 'ఒక పురుషుడు' ఎవరు, 'ఒక స్త్రీ' ఎవరు అని మర్నాడు ఆఫీసుల్లో, కాలేజీల్లో, సెలూన్లలో పందేలు వేసుకునేవాళ్లు. మాకు కార్డులు గోనెసంచుల్లో వచ్చిపడేవి. పరుగెత్తిన పురుషుడి చెప్పులనుబట్టి ఫలానా హీరో అని ఒకాయన నాలుగు పేజీలు రుజువు చేశాడు. విశ్వంభరం గారికి నేలమీద కాలు ఆగలేదు. ఆ కార్డుల్లో వారం వారం ఇంకో ప్రశ్న కూడా పెరుగుతూ వచ్చింది. అక్షింతలు వేసే ఆవిడ ఎవరండీ, ఎంత కళగా వేస్తుందండీ, ప్రతి వారం ఆవిడే వస్తుందేమిటి, మీలో ఎవరికైనా చుట్టమా అని.

మా హాల్లో సంగతి చెప్పక్కర్లేదు. మొదటిసారి కనిపించినప్పుడు సుభద్రమ్మ గారు టీవీ వంకా గుమ్మం వంకా మార్చి మార్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. అన్నేళ్లుగా సినిమాలు చూస్తున్నా ఆవిడ ఎప్పుడూ హీరో పక్కనున్న వాళ్లను చూసిన పాపాన పోలేదు. హీరో లేకపోయేసరికి కళ్లు కనిపించాయి. ఆ రోజు నుంచి మూడో వాటా ఆవిడ అనడం మానేసి అక్షింతలావిడ అనడం మొదలుపెట్టారు. వీధిలో కూరలబండి వాడి దగ్గర్నుంచి అందరికీ అదే పిలుపయింది.

"వాటా పోయి అక్షింతలు వచ్చినయి నాయనా," అన్నారు మాణిక్యాంబ గారు నాతో, నవ్వుతూనే. "పేరు మాత్రం రాలా."

ఆ నవ్వు చూశాక నాకు ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియదు. మర్నాడు తిన్నగా పరంధామయ్య గారి గదిలోకి వెళ్లి, ఆయన శాస్త్రమే ఆయన ముందు పెట్టాను. చందోలు మాణిక్యాంబ అనే పేరు టీవీలో పలికితే ఈ రాష్ట్రంలో ఒక్క టిక్కెట్టు అదనంగా తెగుతుందా చెప్పండి అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ పేరును రెండుసార్లు లోపల్లోపల పలికారు. త్రాసు ఎటూ మొగ్గలేదు కాబోలు, కళ్లు తెరిచేసరికి ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని ప్రసన్నత కనిపించింది.

"తెగదు," అన్నారు. "కామేశము గారూ, ఇది శూన్యభార నామము. నా యుద్యోగ జీవితమున ఇట్టిదానిని ఇంతవరకు చూడలేదు."

అయితే చెప్పవచ్చా అన్నాను. చెప్పవచ్చు, అయితే శూన్యమనడానికి సాక్ష్యం కావాలన్నారు. ఫలానా వ్యక్తి ప్రసిద్ధురాలు కాదని ఒక గెజిటెడు అధికారి ధ్రువీకరించాలట. అంతటితో ఊరుకోకుండా హెచ్చరిక కూడా చేశారు. ప్రతివారమూ ఆమె తెరమీద కనబడుతున్నది, ప్రజలు విచారిస్తున్నారు, ఏనాడు ప్రసిద్ధి కలుగుతుందో ఆనాడే నిషేధం వర్తిస్తుంది, కాబట్టి ఆలస్యం చేయకండి అన్నారు.

అంటే ఆవిడ పేరు అందరికీ తెలియాలంటే, అది ఎవరికీ తెలియకముందే చెప్పేయాలి. తెలిశాక చెప్పకూడదు. ఇది నాకు అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది. అర్థమయ్యేసరికి ఇంకో పిడుగు పడింది. విశ్వంభరం గారు మొహం వేలాడేసుకుని పిలిచారు. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. 'జిలుగు' వార్తా కార్యక్రమమనీ, దాన్ని చూసి ప్రజలు నవ్వుతున్నట్టు నిఘావర్గాల ద్వారా తెలిసిందనీ, ప్రభుత్వ వార్తలు విని ప్రజలు నవ్వడం శాఖ గౌరవానికి భంగమనీ, కాబట్టి వచ్చే సంచికతో దాన్ని ఆపేయాలనీ. వినోదంలో వినోదం కనిపించినందుకు మూసేస్తున్నారన్నమాట. నాకు మిగిలింది ఒక్క సంచిక.

ఆ రోజే మాణిక్యాంబ గారిని ఆటోలో ఎక్కించుకుని తాసీల్దారు ఆఫీసుకు బయలుదేరాను. దారిలో ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి కొంగు నెత్తిమీదికి లాక్కోమన్నాను. ఆవిడకు విషయమంతా చెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా విని, అంటే నేను ఎవరికీ తెలియనని రాయించుకు రావాలా, అదేం కష్టం నాయనా, ఎవర్నడిగినా రాసిస్తారు అన్నారు.

ఆవిడ అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో బంట్రోతు చేతిలో ఫైళ్లు కింద పెట్టి అక్షింతలావిడ వచ్చిందన్నాడు. గుమాస్తాలు లేచొచ్చారు. ఒకాయన కుర్చీ తుడిచి వేశాడు. ఇంకొకాయన టీ చెప్పాడు. నా కళ్లముందే ఆవిడ ప్రసిద్ధురాలైపోతున్నారు. ఇంకో అరగంట ఆగితే పని చెడిపోయేలా ఉంది. తాసీల్దారు ఇనుగంటి నరహరి గారు అంతటివారు లేచి నిలబడి నమస్కారం పెట్టి, మా అబ్బాయి పెళ్లి మాఘమాసంలో, మీరు వచ్చి అక్షింతలు వేయాలి అని కూడా అన్నారు.

నేను అడ్డం వెళ్లి, అయ్యా, ఈవిడ పేరు మీకు తెలుసా అని అడిగాను.

నరహరి గారు నెత్తి గోక్కున్నారు. ఆఫీసంతా మొహమొహాలు చూసుకుంది. "తెలియదండీ. సిగ్గుగా ఉంది," అన్నారు ఆయన.

సిగ్గుపడకండి, ఆ మాటే రాసివ్వండి అన్నాను. ఆయన నిజాయితీగా కాగితం తీసుకుని, ఈమె పేరు నాకు గానీ నా కార్యాలయ సిబ్బందికి గానీ తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది అని రాశారు. పక్కనున్న హెడ్ గుమాస్తా, ఈమె అంటే ఎవరండీ, పేరు లేకుండా ధ్రువపత్రం చెల్లదు కదండీ అన్నాడు. నిజమే సుమా అనుకుని తాసీల్దారు గారు కలం పట్టుకుని, చాలా మర్యాదగా ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, తమరి పేరు?"

ఆవిడ పెదవులు కదిలాయి. చెప్పకండి పిన్నిగారూ అని నేను గట్టిగా అరిచాను. పేరు చెబితే ఆయనకు తెలిసిపోతుంది, తెలిస్తే తెలియదని రాయడం అబద్ధమవుతుంది, అబద్ధమైతే పరంధామయ్య గారు చింపేస్తారు.

మాణిక్యాంబ గారు ఆగిపోయారు. నాకు ఆ క్షణం ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఇన్నేళ్ల జీవితంలో ఒక పెద్దమనిషి లేచి నిలబడి, కలం పట్టుకుని, పేరు అడిగాడు. చెప్పడానికి లేకపోయింది. ఆవిడ చిన్నపిల్లలాగా కళ్లు మెరిపించి, "ఎల్లుండి టీవీ చూడండి బాబూ, చెబుతారు," అన్నారు.

చివరికి ఉపాయం నేనే చెప్పాను. పేరు రాసేచోట ఖాళీ వదిలి ఆయన సంతకం పెట్టారు. మేం వరండాలోకి వచ్చాక ఆ ఖాళీలో మాణిక్యాంబ గారే స్వహస్తాలతో, నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకున్నారు. రాశాక సిరా ఆరేదాకా కాగితాన్ని నా చేతికి ఇవ్వలేదు. పరంధామయ్య గారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, సంతకం చేసేనాటికి సంతకందారుకు తెలియదు, పేరు పిదప వ్రాయబడినది, సక్రమముగా నున్నది అని ముద్ర వేశారు. ఆ కాగితాన్ని తాకినప్పుడు ఆయన చేతులు ఎంత జాగ్రత్తగా కదిలాయో చూస్తే నాకు ఆయనమీద ఉన్న కోపం సగం పోయింది.

ఇక చివరి సంచిక. ముగింపు కదా అని విశ్వంభరం గారు కాస్త ఘనంగా చేద్దామన్నారు. ఆ నెలలో షూటింగు జరుగుతున్న పెద్ద సినిమాలన్నిటి నుంచీ ముక్కలు తెప్పించాం. మొహాలు కోసేయగా మిగిలిన చేతులూ, కాళ్లూ, గుర్రంమీద నుంచి ఎగిరే ఒక శాలువా, మధ్యమధ్య మాణిక్యాంబ గారి అక్షింతలు. ఇవన్నీ అయ్యాక ఒక చిక్కు వచ్చింది. కనిపించినవాళ్లు ఎవరెవరో చివర్లో చెప్పడం మా కేంద్రం ఆనవాయితీ. ఒక్క పేరుకే అనుమతి ఉంది. మిగతా చేతులనూ కాళ్లనూ ఏమని పిలవాలని పరంధామయ్య గారు నన్నడిగారు. 'కొందరు పురుషులు, స్త్రీలు' అంటే జనం మళ్లీ పందేలు వేసుకుంటారు. సినిమావాళ్ల దగ్గరే ఒక మంచి మాట ఉందండీ అని ఆయన చెవిలో చెప్పాను. ఆయన త్రాసు వంక కూడా చూడలేదు. ఇంత బరువు లేని మాట మన భాషలో ఉన్నదా అని ఆశ్చర్యపోయి వెంటనే ముద్ర వేశారు. మధ్యాహ్నం కుముదిని చదవడం, రికార్డు చేయడం అయిపోయింది. నేను సాయంత్రానికి ఇంటికి పరుగెత్తాను.

సుభద్రమ్మ గారి హాలు కిటకిటలాడుతోంది. పక్క వీధివాళ్లు కూడా కిటికీలకు వేలాడుతున్నారు. మాణిక్యాంబ గారు ఎప్పటిలాగే గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, ఉతికిన చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చేతులు, కాళ్లు, శాలువా అన్నీ వచ్చి వెళ్లాయి. అక్షింతలు పడ్డప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఆవిడ వచ్చింది దానికోసం కాదు.

చిట్టచివర కుముదిని తెరమీదికి వచ్చింది. అన్ని వారాలు నవ్వు బిగబట్టిన పిల్ల ఈసారి హాయిగా నవ్వేసింది.

"ఈనాటి 'జిలుగు'లో మీకు కనిపించినవారు, శ్రీమతి చందోలు మాణిక్యాంబ," అంది. ఒక్క క్షణం ఆగింది. "తదితరులు."

టీవీలో అంతరాయానికి చింతిస్తున్నామని బోర్డు వచ్చేసింది. అప్పుడు సుభద్రమ్మ గారు పట్టెమంచం మీద నుంచి లేచారు. తన పక్కనున్న కుర్చీలోని మనిషిని లేపారు.

"మాణిక్యాంబ గారూ," అన్నారు, ఆ పేరు ఎప్పటినుంచో నోటికి అలవాటున్నట్టు. "గుమ్మం దగ్గర చలిగాలి. ఇలా వచ్చి కూర్చోండి."

ఆవిడ వచ్చి కూర్చున్నారు. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలు ఆ పేరును పాటలాగా పాడుతున్నారు. ఎవరో హారతి పళ్లెం కూడా తెచ్చారు. నేను వెళ్లి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంగమని, చెవిలో అడిగారు.

"నాయనా, నా పేరు తర్వాత ఏదో అన్నదే ఆ అమ్మాయి. ఆ మాటలో ఎవరెవరున్నారు?"

నేను చెప్పాను. రాష్ట్రమంతా పాలాభిషేకాలు చేసే హీరోలు, వాళ్ల పక్కన వేసే హీరోయిన్లు, కాలు అడ్డం పెడితే థియేటరు ఊగిపోయే విలను, ఒక్కొక్కరి పేరూ వరసగా ఆవిడ చెవిలో చెప్పాను. నేను నవ్వుతూ చెబుతున్నాను. ఆవిడ నవ్వలేదు. వింటూ వింటూ బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు.

"అయ్యో పాపం," అన్నారు మాణిక్యాంబ గారు. "వాళ్లూ ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టుకుని చూస్తుంటారు కదూ నాయనా, పేరు ఎప్పుడొస్తుందా అని."